ఎక్స్‌పీ ఎక్కిన రోజు పోయిన చుక్కలు

కుర్చీలో కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. బతుకంతా కుర్చీలో కూర్చుని సంపాదించుకున్నదాన్ని ఈ మాట అంటే నవ్వొస్తుంది గానీ, నిజం. టైపు కొడుతున్నంతసేపూ బల్ల కింద నా కాలు ఆడుతూనే ఉండేది. ఆ ఊపుకి బల్ల మీది టీ గ్లాసు జరిగి జరిగి అంచుకొచ్చేసేది.

నర్సీపట్నం బజార్లో ఓ అచ్చాఫీసులో డీటీపీ ఆపరేటర్‌గా చేశాను. రిటైరయ్యానని చెప్పుకోవడమే గానీ ప్రైవేటు ప్రెస్సులో పింఛనూ లేదు, పూలదండా లేదు. వేళ్లు వంగడం మానేశాయి, నేను పని మానేశాను, అంతే. ఇప్పుడు అదే పనిలో ఉన్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, పాత రోజుల్లో ఎలా చేసేవారు మేడం అని అడుగుతారు. వాళ్లకు చెప్పే కబుర్లలో ఈ ఒక్కటీ ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది, మధ్యలో నేను లేచి గదంతా తిరగడం మొదలుపెడతాను కాబట్టి. కాగితం మీద పెడితే అయినా చివరిదాకా వస్తుందని రాస్తున్నాను.

మా ఓనరుగారు అప్పటికే పెద్దాయన. మిషను చర్చి కుటుంబం. కుర్రతనంలో సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే పని నేర్చుకుని, తర్వాత సొంతంగా ప్రెస్సు పెట్టుకున్నారు. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మా అనేవారు, కోపం వస్తే మేడంగారూ అనేవారు. సీసం అక్షరాల కాలం పోయి కంప్యూటరు కొన్నాక ఆయన దాని దగ్గరికి వచ్చేవారు కాదు. నా కుర్చీ వెనకాల చేతులు కట్టుకుని నిలబడి చూసేవారు. ఆ మిషను గురించి ఆయన నేర్చుకున్నది ఒకే ఒక్కటి: సేవ్ కొట్టడం.

అది ఎందుకో మా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలిసేది కాదు. యూపీఎస్ ఉండేది గానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు పోగానే ఒకసారి కీచుమని అరిచి అదీ ఆరిపోయేది. నాలుగు పేజీలు కొట్టినది గాల్లో కలిసిపోవడం మాకు మామూలే. అందుకని ట్యూబులైటు కాస్త మినుక్కుమంటే చాలు, పెద్దాయన నా భుజం మీంచి వంగి, ఎడమ చేత్తో కంట్రోలు, కుడి చేత్తో ఎస్సు నొక్కేసేవారు. "బేగి సేవ్ కొట్టమ్మా, పోద్ది" అనే మాట వచ్చేసరికి పని అయిపోయేది కూడా. ఆ రెండు వేళ్లూ మమ్మల్ని ఎన్నిసార్లు కాపాడాయో లెక్కలేదు. అంత మాట ముందే చెప్పి మిగతాది చెప్పడం న్యాయం.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక, ఒక చలికాలంలో కొయ్యూరు అవతలి కొండ మీద పనిచేసే పాస్టరుగారొకరు మా దగ్గరికి వచ్చారు. రావికమతం వైపు మనిషి. కొండెక్కి ఏళ్లయింది, అక్కడి భాష ఆయనకు బాగా వచ్చేసింది. చేతి సంచిలో చిల్లులు పడ్డ కాగితాల కట్ట ఉంది. కొండవాళ్లు తమ భాషలో సొంతంగా కట్టుకున్న పాటలవి. వాటిని తెలుగు అక్షరాల్లో రాసుకొచ్చారు.

"పుస్తకం చెయ్యాలండి. మేం కొత్త గుడి కట్టుకుంటన్నాం, వేసంగిలో ప్రతిష్ఠ. అదయిన వారానికే నాకు బదిలీ" అన్నారాయన. "నా తరవాత వచ్చే అయ్యగారికి కొండ భాష ముక్క రాదు. పైన ఉన్న పెద్దలు ఏటన్నారంటే, ఆరాధనలో అచ్చయిన పాటే పాడాలి, నోటి పాటలు ఒద్దు అన్నారు. ప్రతిష్ఠ రోజుకి పుస్తకం చేతిలో ఉంటే ఆ పాటలు గుడిలో ఉంటాయి. లేకపోతే తెలుగు పాటల పుస్తకమే పెట్టీసుకుంటారు. ఆ మీదట ఈళ్ల పాటలు గుమ్మం బయటే."

పెద్దాయన ఇంకో మాట అడగకుండా ఆ కట్ట అందుకున్నారు. నేను మాత్రం, మాకు అర్థం కాని భాష ఎలా కొట్టాలి, తప్పులు ఎవరు చూస్తారు అని ఎదురుగానే సణిగాను. నా నోరు అలాంటిది.

కొట్టడం అంత కష్టం కాలేదు, చూసిన అక్షరం చూసినట్టు కొట్టుకుపోయాను. చిక్కు వేరే చోట వచ్చింది. ఆ భాషలో గొంతు ఒక్క క్షణం టక్కున తెగి మళ్లీ అందుకునే శబ్దం ఒకటుంది. మన తెలుగులో దానికి అక్షరం లేదు. పాస్టరుగారు రాసుకొచ్చిన కాగితాల్లో దానికి ఏ గుర్తూ లేదు, ఆయనకు తెలుసు కాబట్టి. నేను తీసిచ్చిన ప్రూఫు పట్టుకుని కొండ మీదకు వెళ్లాక ఆయనకు తట్టింది, తెలియనివాడు చదివితే ఎలా అని. సగం పాటలు కట్టిన ముసలామె ఒకావిడ అక్కడుంది. ఆవిడ చేత పాడించుకుని, గొంతు తెగే చోటల్లా అక్షరం కింద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకుని తెచ్చారు.

అక్షరం కింద చుక్క మా తెలుగు ఫాంటులో లేదు. అనకాపల్లి నుంచి వచ్చే మెకానిక్కు ఒకసారి ఎక్కడిదో అక్షరాలు గీసే ప్రోగ్రాం తెచ్చాడు. దాంతో కుస్తీ పట్టి, ఎవరూ వాడని ఒక మీట మీద నేనే చుక్క తయారుచేసి పెట్టుకున్నాను. చిన్న చుక్కే గానీ నాకు ఎంత గర్వమో. పుస్తకమంతా ఆ చుక్కలు వేశాను. పాస్టరుగారు మళ్లీ చూసి సరే అన్నారు. ఇక ప్రింటరులో నున్నటి ట్రేసు కాగితాల మీద తీసి, వాటినుంచి అచ్చు ప్లేట్లు చేయించడమే తరువాయి.

అప్పుడే మా పాత ప్రింటరు చచ్చింది. బాగుచెయ్యడానికి భాగాలు దొరకవన్నారు. పెద్దాయన కొత్త ప్రింటరు తెచ్చారు. తీరా చూస్తే దాని సీడీ మా తొంభై ఎనిమిది విండోస్‌లో ఎక్కనంది. మెకానిక్కుని పిలిపించాం. వాడు కంప్యూటరు డబ్బా విప్పి, లోపలి దుమ్ము ఉఫ్‌మని ఊది, బల్లిగుడ్లు రెండు తీసి బల్ల మీద పెట్టాడు.

"కొత్త విండోస్ ఎక్స్‌పీ ఏస్తే గానీ ఈ ప్రింటరు మాటినదక్కా" అన్నాడు. "ఏద్దాం. ర్యామ్ ఇంకో ముక్క పెడతాను. ఎక్కుద్ది గానీ పరిగెట్టదు, నడుస్తాది."

"నడిస్తే చాలు. పరిగెట్టేదాన్ని నేనున్నాను కదా" అన్నాను.

"మరైతే సీ డ్రైవు మొత్తం కొట్టీయాల. నీకు కావలసినవేటో సెప్పు, డీలో పడీసి అప్పుడు కొడతాను."

నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూపించాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, అన్నిటికన్నా ముందు పాటల పుస్తకం. ఏదీ మర్చిపోలేదని రెండుసార్లు చూసుకున్నాం. వాడి దగ్గరున్న తెలుగు సాఫ్ట్‌వేరు కొత్త సీడీలో తెలుగు ఫాంటులన్నీ ఉన్నాయని వాడికి తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లోంచి సామానంతా తీసి బయట పెట్టాం, గోడ మీద నేను గీసుకున్న బొమ్మ గోడతోనే పోతుందని ఇద్దరికీ తట్టలేదు. నేను తయారుచేసిన చుక్క ఉన్నది పుస్తకంలో కాదు, సీ డ్రైవులోని ఫాంటులో.

పెద్దాయనకు ఓ అలవాటు. కొత్త మిషను ఏది వచ్చినా ప్రార్థన చేసి గానీ స్విచ్చు వెయ్యనివ్వరు. ఆ రోజూ అంతే. విప్పి పెట్టిన కంప్యూటరు మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నారు. మెకానిక్కు స్క్రూడ్రైవరు పట్టుకునే తల వంచుకు నిలబడ్డాడు. నా కాలు మాత్రం ఆడుతూనే ఉంది. ఆమెన్ అన్నాక వాడు మీట నొక్కాడు, సీ డ్రైవు తుడిచిపెట్టుకుపోయింది.

ఆ తర్వాత ఎదురుచూపు. తెర మీద నీలం రంగు, పక్కన ఇంకా ఇన్ని నిమిషాలని ఓ అంకె. దాని నిమిషానికీ మన నిమిషానికీ పొత్తు లేదు. నేను గుమ్మందాకా నడిచి, రోడ్డు మీద పోయే కొత్తకోట బస్సు చూసి వచ్చినా అంకె కదల్లేదు. టీ తాగి వచ్చినా కదల్లేదు. ఆగిపోయిందా అని అడిగితే, "ఆగలేదక్కా, ఆలోసిస్తంది" అన్నాడు మెకానిక్కు. నా ప్రాణం ఉసూరుమంది.

మొత్తానికి ఎక్కింది. తెర నిండా పచ్చటి గడ్డిదిబ్బ, పైన నీలాకాశం. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "మన కొయ్యూరు కొండలాగే ఉందమ్మా. సెట్లే ఒక్కటీ ఒగ్గకుండా నరికీసినారు" అన్నారు. మెకానిక్కు కొత్త ప్రింటరు తగిలించాడు. ఓ పాత పెళ్లికార్డు తెరిచి తీసి చూస్తే అద్దంలా వచ్చింది. ఆ అక్షరాల నునుపు చూసి పెద్దాయన మురిసిపోయారు. మెకానిక్కు బస్సుకి వేళయిందని వెళ్లిపోయాడు.

అప్పుడు తెరిచాను పాటల పుస్తకం. ఏదో ఫాంటు లేదు, దానికి దగ్గరిది వాడనా అని అడిగింది. కింద ఒకే మీట ఉంది, సరే అని. సరే అన్నాను. ఇంకేం అంటాం. పాత కంప్యూటరు కదా, చాలాసేపు గిలగిల్లాడి పేజీ తెరిచింది. తెలుగంతా చక్కగా ఉంది. మొదటి పాట చూశాను, రెండోది చూశాను. ఏదో వెలితిగా ఉంది. పేజీలు గబగబా తిప్పాను. ఒక్క చుక్క లేదు.

నా చేతులు వాటంతట అవే కీబోర్డు మీంచి లేచిపోయాయి. అప్పటికింకా ఏమీ కొంప మునగలేదు. ఫైలు అలాగే మూసేస్తే, లోపల చుక్కల గుర్తులు ఎక్కడివక్కడ ఉంటాయి. ఈ దగ్గరి ఫాంటుతోనే సేవ్ కొడితే మాత్రం ఆ గుర్తులూ పోతాయి. చుక్క మళ్లీ తయారుచేసుకోవచ్చు. అదే ఆలోచిస్తూ చేతులు పైకెత్తి కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ట్యూబులైటు మినుక్కుమంది.

నా భుజం మీంచి రెండు చేతులు వచ్చాయి. "ఆగం—" అన్నాను. కంట్రోలు, ఎస్సు. కొత్త ఎక్స్‌పీ బుద్ధిగా సేవ్ చేసింది. మరుక్షణం కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమంది.

"సేతులు అలాగెత్తీసేవేటమ్మా? నాను సూసేను కాబట్టి సరిపోనాది" అన్నారు పెద్దాయన వెనకనుంచి, సంతోషంగా.

నేను ఏమన్నానో అంతా రాయను. మిమ్మల్నెవరు కొట్టమన్నారండీ అని మొదలుపెట్టాను. వయసుకి కూడా మర్యాద ఇవ్వకుండా గట్టిగానే అరిచాను. బయట సైకిలు దిగినవాడు మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. ఏం జరిగిందో పెద్దాయనకు అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆ రెండు చేతులూ వెనక్కి తీసుకుని లాల్చీ జేబుల్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత నాలుగైదు రోజులు, నా కుర్చీ వెనకాల నిలబడితే ఆ చేతులు జేబుల్లోనే ఉండేవి. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది, ఆయన మీద కాదు.

మర్నాడు మెకానిక్కు వచ్చి ఏవేవో చేసి చూశాడు, లాభం లేకపోయింది. ఫ్లాపీల్లో ఉన్నది చుక్కలు పెట్టకముందు కొట్టిన పుస్తకం. ఎర్ర చుక్కలున్న ప్రూఫు, చుక్కలు వేశాక తీసిన ప్రూఫు, రెండిటి కోసం ప్రెస్సంతా తిరగేశాను. మిషను దగ్గర దొరికాయి. ప్రూఫు పని అయిపోయిన కాగితాలతో రోలర్లకు అంటిన సిరా తుడిచెయ్యడం ఏ అచ్చాఫీసులోనైనా ఆచారం. నల్లటి ముద్దలై ఉన్నాయి.

పాస్టరుగారికి కబురు పెట్టాం. ఆయన దిగి వచ్చి, విని, బెంచీ మీద కూర్చుండిపోయారు. ప్రతిష్ఠ వచ్చే వారమే. తిట్టినా బాగుండేది.

"చుక్కలు లేకుండానే వేసీమంటారా?" అని అడిగాను, వేరే దారి కనపడక.

"కొత్తాయన పాడితే అది ఆళ్ల పాట అవ్వదండి. ఆళ్లకే నవ్వొస్తాది. ఒకసారి నవ్వొస్తే మరి పాడరు" అన్నారు. "నాకు గుర్తున్నవి పెడతాను. గానీ అన్నీ నాకు రావు. ఆవిడే రావాల" అన్నారు.

ఈ మాటలు వింటున్న పెద్దాయన జేబులోంచి చెయ్యి తీసి, గోడ బీరువాలో వెతికి, పోస్టర్లు గీసే సన్నపాళీ పెన్ను ఒకటి తీశారు. దాన్ని నీళ్లలో కడిగి, పాత కాగితం మీద ఓ చుక్క పెట్టి చూశారు. "ట్రేసు కాగితం మీద పడ్డది ఏదైనా ప్లేటు మీద పడతాది. కంప్యూటరు పెట్టినదా, సెయ్యి పెట్టినదా అని అది అడగదు" అన్నారు. "నువ్వు చుక్కల్లేకుండా ట్రేసు తియ్యమ్మా. చుక్కలు నాను పెడతాను."

కొత్త ప్రింటరు మీద ట్రేసు కాగితాలన్నీ తీశాను. ఎక్స్‌పీ పుణ్యమా అని నల్లగా, నున్నగా వచ్చాయి, అక్షరాల కింద ఖాళీలతో.

రెండ్రోజుల తర్వాత పాస్టరుగారు ముసలామెను తీసుకుని జీపులో వచ్చారు. సన్నటి మనిషి, మోచేతులదాకా పచ్చబొట్లు. ప్రెస్సులోకి వచ్చి అటూ ఇటూ చూసి, కుర్చీ ఇస్తే వద్దని నేల మీద కూర్చుంది. నేను మొదటి కాగితం ముందు పెట్టుకుని, "ఈ పాట పాడు మామ్మా" అన్నాను. పాస్టరుగారు కొండ భాషలో చెప్పారు. ఆవిడ నోరు తెరిచింది, ఓ పాదం పాడింది, ఆగింది. మళ్లీ మొదటినుంచి అందుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. ఏ పాట అడిగినా ఇంతే. ఎక్కడ ఆగినా మళ్లీ మొదలుకే వెళ్తుంది. మధ్యాహ్నం అవుతోంది, మొదటి కాగితమే పూర్తి కాలేదు. నా కాలు ఆడుతోంది. లేస్తున్నాను, కూర్చుంటున్నాను.

"ఏమైంది మామ్మా, మర్చిపోయావా?" అన్నాను, నాకు లేని ఓపిక తెచ్చుకుని.

ఆవిడ నాకేసి చూసింది. వచ్చీరాని తెలుగులో అంది: "సేతులు ఊరకే ఉంటే పాటెలాగొస్తాదమ్మా? పని ఉంటే ఒస్తాది."

"కొండ మీద ఆవిడ పాడినప్పుడు చింతపండు కొడతా ఉందండి" అన్నారు పాస్టరుగారు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

పెద్దాయన చెప్పులేసుకుని బజారుకెళ్లారు. వేసవి రోజులు, కొండ చింతకాయ బుట్టలు బుట్టలుగా దిగుతోంది. కూలివాడి నెత్తిన పెద్ద గంప ఎత్తించుకుని తిరిగొచ్చారు. అది చూసి నాకు మతి పోయింది. ట్రేసు కాగితాల పక్కన చింతపండు జిగురు! గుమ్మం దగ్గర గోనెపట్టా పరిచి ముసలామెను అక్కడ కూర్చోబెట్టాను. ఇటు ఒక్క వేలు కూడా పెట్టొద్దని సైగలతో బెదిరించాను. ఆవిడ నవ్వి, గుమ్మం రాయి మీద చింతకాయ పెట్టి, మా ప్రెస్సు చెక్కసుత్తి అడిగి తీసుకుంది. పెంకు పగలగొట్టడం, గింజ తియ్యడం. పది కాయలు కొట్టాక గొంతు దానంతటదే లేచింది.

అప్పుడు తెలిసింది నాకు, అంతవరకు నేను కొట్టినది ఏమిటో. నెలల తరబడి అర్థం లేని అక్షరాలుగా చూసినవి గుమ్మం దగ్గర నుంచి నడిచి వస్తున్నాయి. గొంతు తెగే చోట సుత్తి టక్కుమని పడుతుంది. నేను కాగితం మీద పాటవెంట వేలు జరుపుతున్నాను. టక్కుమన్న చోట వేలు ఆపుతున్నాను. నా వేలి పక్కన పెద్దాయన పాళీ ఆనించి చుక్క పెడుతున్నారు. సీసం అక్షరాలు పేర్చిన చెయ్యి అది, వణుకు లేదు. అన్ని చుక్కలూ ఒకే పరిమాణంలో ఉన్నాయి. పక్కన పాస్టరుగారు తనకు తెలిసినంతలో సరిచూస్తున్నారు.

ఎంతసేపు అలా సాగిందో. నా కాలు ఆగిపోయి ఉందని నేనే చూసుకుని ఆశ్చర్యపోయాను. మధ్యలో ఎప్పుడో కరెంటు పోయిందట. ఎవరమూ చూసుకోలేదు. ఎక్స్‌పీ చీకట్లో ఊరుకుంది, పని మాత్రం నడుస్తోంది. చివరి కాగితాల్లో ఉండగా కరెంటు వచ్చింది. ఉక్కకి మధ్యలో ఎవరు స్విచ్చు నొక్కారో, నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరిగింది. ట్రేసు కాగితాలు ఎగరబోయాయి. పెద్దాయన రెండు చేతులూ బల్ల మీద పరిచి కాగితాలను అదిమిపట్టారు. నేను పరుగెత్తి ఫ్యాను ఆపాను. ఒక్క కాగితం కూడా పోలేదు, ఊపిరి పీల్చుకున్నాం. ముసలామె ఇవేవీ పట్టించుకోకుండా పాడుతూనే ఉంది.

సాయంత్రానికి గంపెడు చింతపండు తయారైంది, పుస్తకమూ తయారైంది. చింతపండంతా పెద్దాయన ఇంటికి చేరింది. ఆ ఏడాదంతా వాళ్లింట్లో రోజూ పులుసేనని వాళ్లావిడ నన్ను ఆడిపోసుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లే ముందు పెద్దాయన దగ్గర నేను ఏదో అనబోయాను, ఆ రోజు అరిచినదాని గురించి. ఆయన నన్ను అననివ్వలేదు. "ఎక్స్‌పీ బాగుందమ్మా. సేవ్ కొట్టమంటే కొట్టీసింది. మనమే దానికి చుక్కల సంగతి సెప్పలేదు" అన్నారు. చేతులు మాత్రం జేబుల్లోంచి బయటికొచ్చాయి.

పుస్తకాలు వేళకి కొండెక్కాయి. ప్రతిష్ఠకు మమ్మల్నీ పిలిచారు. కొయ్యూరు దాటాక జీపు ఎక్కినంత మేర ఎక్కి, తర్వాత నడిచాం. గుడి చిన్నది, కొత్త సున్నం వాసన. పెద్దలొకరు ఆశీర్వదించి, అచ్చయిన పాట ఉందిగా, పాడండి అన్నారు. వెళ్లిపోయే పాస్టరుగారు పక్కకు జరిగి, కొత్తగా వచ్చినాయన చేతికి పుస్తకం ఇచ్చారు, చుక్క ఉన్నచోట గొంతు తెంపాలని ముందే చెప్పిపెట్టారు. ఆయన కోనసీమ మనిషి, కొండ గాలి అప్పుడే పీలుస్తున్నాడు. వీళ్లు నవ్వితే అయిపోయింది.

ఆయన పుస్తకంలోకి తల వంచి, ఒక్కో అక్షరమూ చూసుకుంటూ పాడాడు. చుక్క వచ్చిన చోట గొంతు తెంపాడు, మళ్లీ అందుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. రెండో పాదానికి జనం గొంతులు కలిపారు. ముసలామె ముందు వరసలో కూర్చుని ఆయన నోటికేసి చూస్తోంది. పెద్దాయన నా పక్కన కళ్లు మూసుకుని నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

చివరి పాటలో ఒకచోట జనమంతా సాగదీసుకుంటూ పోతుంటే ఆయన ఒక్కడే టక్కున ఆగాడు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ముసలామె కూడా తలెత్తింది. నేను గబగబా నా పుస్తకం తెరిచాను. అక్కడ చుక్క ఉంది. ఉండకూడని చుక్క. మిగతావాటికన్నా కాస్త పెద్దది, కాస్త పక్కకు. పెద్దాయన కూడా చూశారు. ఫ్యాను తిరిగినప్పుడు కాగితాలను అదిమిపట్టిన చేతిలో పెన్ను ఉంది కదా.

ఆరాధన అవగానే పెద్దాయన ముసలామె దగ్గరికి వెళ్లి, పాస్టరుగారి చేత చెప్పించుకున్నారు: ఇది నా చెయ్యి చేసిన తప్పు, రెండోసారి అచ్చు వేస్తే తీసేస్తాను అని. ఆవిడ విని, ఆ పాదం ఆగి ఒకసారి, ఆగకుండా ఒకసారి లోపల్లోపల పాడుకుని చూసుకుంది. "ఉండనీ" అంది.

రెండోసారి అచ్చు వెయ్యలేదు. పెద్దాయన పోయి ఏళ్లయింది. ఆ కంప్యూటరు, ఆ ప్రింటరు పాత ఇనుము కొట్టుకి పోయాయి. ఎక్స్‌పీ పేరు చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు.

మొన్నామధ్య బజార్లో విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్మే ఆమె దగ్గర కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి, నడుస్తూ నడుస్తూ కాసేపు ఆగాల్సి వస్తోంది. ఆకులు కట్ట కడుతూ ఆమె సన్నగా పాడుకుంటోంది. విన్న పాటే. మా గుమ్మం దగ్గర, తర్వాత గుడిలో ఆఖరున విన్నది. ఊరేదని అడిగితే ఆ ఊరే చెప్పింది. పాట చివరికొచ్చేసరికి, ఆ చోట, ఆమె గొంతు టక్కున తెగి మళ్లీ అందుకుంది.

"అక్కడ ఆగక్కర్లేదనుకుంటాను" అన్నాను, ఉండబట్టలేక.

ఆమె కట్ట కట్టడం ఆపి నావైపు వింతగా చూసింది. "ఆగాలండి. మావాళ్లందరూ ఆగుతారు. పుస్తకంలో ఉంది కదేటి" అంది.

అవును, ఆగాలి అన్నాను.